అలుగు లేని కరకట్ట

అలుగు లేకుండా చెరువు కట్టేవాళ్లు ఉండరు. చెరువు ఎంత పెద్దదైనా ఏదో ఒక ఏడు నిండి పొర్లి తీరుతుంది. ఆ నీరు మట్టికట్ట మీద నుంచి పడితే కట్ట మిగలదు కాబట్టి, ఒక చోట కట్టను కాస్త తగ్గించి, రాతితో గట్టిచేసి, నీటిని అటు పంపిస్తారు. పెద్ద డ్యాములకు స్పిల్‌వే పెట్టేదీ ఇందుకే. నది పక్కన వందల కిలోమీటర్లు సాగే కరకట్ట కూడా మట్టికట్టే. ఏ లెక్క ప్రకారం కట్టినా, ఆ లెక్కను మించిన వరద ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అయినా చాలా కరకట్టల ప్లాన్లలో వరద మించితే నీరు ఎక్కడ పొర్లాలి, ఎటు పోవాలి, మళ్లీ ఎలా దిగిపోవాలి అన్న ప్రశ్నలకు చోటే ఉండదు. గండి పడిన ప్రతిసారీ వినపడే మాట ఒకటే: ఇంకో మీటరు పెంచుదాం.

కరకట్టలే వద్దని నేను అనడం లేదు. కోట్లమంది వాటి వెనక బతుకుతున్నారు. కానీ అలుగు లేని కరకట్ట సగం పని మాత్రమే. గండి ఎక్కడ పడాలో మనం ముందే తేల్చకపోతే, దాన్ని నదైనా తేలుస్తుంది, లేదా ఆ రాత్రికి పలుకుబడి ఉన్నవాళ్లైనా తేలుస్తారు. రెండూ చరిత్రలో జరిగినవే.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. ఒక నది వరదలో 10 కిలోమీటర్ల వెడల్పున, 3 మీటర్ల లోతున పారుతోందనుకోండి. రెండు వైపులా కట్టలు వేసి ఆ నీటినంతా 2 కిలోమీటర్ల మధ్య బిగించాం. వాలు, గరుకుతనం మారలేదనుకుంటే, కాలువలు, నదుల ప్రవాహాన్ని లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం ప్రకారం లోతు సుమారు 8 మీటర్లకు చేరుతుంది. వెడల్పు అయిదో వంతైంది, లోతు రెండున్నర రెట్లు దాటింది. అంటే ఆ కట్ట ఆపాల్సిన ఎత్తులో ఎక్కువ భాగాన్ని ఆ కట్టే పుట్టించింది. ఇప్పుడు మట్టి లెక్క. పైన 5 మీటర్ల దారి, రెండు వైపులా ఒకటికి మూడు వాలు ఉన్న కట్ట 4 మీటర్ల ఎత్తుకు అడుగున 29 మీటర్ల వెడల్పు ఉంటుంది, మీటరు పొడవుకు 68 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. ఎత్తు 8 మీటర్లు చేస్తే అడుగు వెడల్పు 53 మీటర్లు, మట్టి 232 ఘనపు మీటర్లు. ఎత్తు రెండింతలైతే మట్టి మూడున్నర రెట్లకు దగ్గరవుతుంది. కట్టను నదికి దూరంగా జరిపితే భూమికి డబ్బు కట్టాలి, నిజమే. కానీ ఆ డబ్బులో కొంత మట్టిలోనే మిగులుతుంది. ఈ రెండో లెక్కను దానితో పోల్చి చూడకుండానే "భూసేకరణ ఖర్చు భరించలేం" అని తేల్చేసిన ప్రాజెక్టులు ఎన్నో.

ఎత్తు పెరిగితే పెరిగేది మట్టి ఒక్కటే కాదు. కట్టకు అటూ ఇటూ నీటిమట్టాల తేడా పెరుగుతుంది, ఆ తేడా కట్ట కింద నుంచి పనిచేస్తుంది. నది మైదానాల్లో సాధారణంగా పైన ఒకటి రెండు మీటర్ల బంకమట్టి పొర, దాని కింద మందంగా ఇసుక ఉంటాయి. వరద సమయంలో నది ఒత్తిడి ఇసుక గుండా కట్ట కిందకు పాకి, ఊరి వైపున బంకమట్టి పొరను కింద నుంచి పైకి నెడుతుంది. పొర మందంతో పోలిస్తే ఆ నెట్టుడు ఒకటికి దగ్గరైతే మట్టి తన బరువు కోల్పోతుంది. పొర పలచగా ఉన్నచోట చిల్లు పడి నీరు బుగ్గలా ఉబుకుతుంది. దీన్నే ఇసుక బుగ్గ అంటారు. కట్ట మీద గస్తీ తిరిగేవాళ్లు అన్నిటికన్నా ముందు వెతకాల్సింది ఇదే.

బుగ్గలో నీరు తేటగా వస్తుంటే గుర్తు పెట్టి, కాపలా ఉంచితే చాలు. నీటితోపాటు ఇసుక వచ్చి చుట్టూ శంకువులా పేరుకుంటుంటే కట్ట కింద సొరంగం తయారవుతోందని అర్థం. కొత్తవాళ్లు కంగారులో దాని నోట్లో బస్తాలు కుక్కి మూసేస్తారు. అది అన్నిటికన్నా ప్రమాదం. ఒత్తిడి ఎక్కడికీ పోదు, నాలుగడుగుల అవతల, ఒక్కోసారి కట్ట కిందే, ఇంకో చోట పగులుతుంది. చేయాల్సింది బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా ఒక వలయం కట్టడం. వలయం లోపల నీరు 30 సెంటీమీటర్లు పెరిగితే బుగ్గను తోసే తేడా అంతే తగ్గుతుంది. బయటికొచ్చే నీరు తేటపడేదాకా వరస మీద వరస పెంచి, అక్కడ ఆపి, పై అంచున ఒక వైపు గండి వదిలి నీరు పారనివ్వాలి. బస్తాను సగానికి పైన, మూడింట రెండు వంతులకు మించకుండా నింపి, మూతిని కిందికి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు పడకుండా పేర్చి, తొక్కాలి. పూర్తిగా నింపి తాడు కట్టిన బస్తాలు గుండ్రంగా నిలబడి మధ్యలో సందులు వదులుతాయి. వలయం అడుగు వెడల్పు దాని ఎత్తుకు మూడింతలు ఉండాలి.

ఈ బుగ్గలు చాలావరకు మనం తెచ్చిపెట్టుకున్నవే. కట్టకు మట్టి కావాలని కట్ట పక్కనే గుంటలు తవ్వుతారు. అలా తీసేసేది సరిగ్గా ఆ బంకమట్టి పొరనే. కట్ట అడుగు నుంచి చాలా దూరం వదిలి తవ్వాలన్న నియమం కాగితాల్లో ఎప్పటినుంచో ఉంది, లారీ కిరాయి మిగిల్చుకోవడానికి దాన్ని పక్కన పెడతారు. ఇక కట్ట గుండా వేసిన తూము గొట్టాల చుట్టూ మట్టి సరిగా కుదించకపోవడం, ఎలుకలు, పందికొక్కుల బొరియలు, ఎండిపోయిన చెట్ల వేళ్లు వదిలిన సొరంగాలు ఎలాగూ ఉన్నాయి. 20, 25 సెంటీమీటర్ల పొరలుగా, తగిన తేమతో రోలర్ వేసి కుదించిన కట్టకూ, లారీల్లో తెచ్చి గుమ్మరించిన కట్టకూ పైకి తేడా తెలియదు. వరద వచ్చినప్పుడే తెలుస్తుంది. అందుకే కట్ట పైకి మీటరు పెంచే డబ్బుంటే, దాన్ని ముందు కట్ట అడుగుభాగంలో పెట్టమంటాను: ఊరి వైపు మట్టి బెర్ములు (కట్టకు ఆనించి వేసే తక్కువ ఎత్తు మట్టి దిమ్మెలు), ఒత్తిడి దించే బావులు, సరైన ఫిల్టరు. ఫిల్టరుకు మట్టి ఇంజనీరింగ్ శాస్త్రవేత్త టెర్జాగీ చెప్పిన కొలత నేటికీ నిలిచింది. ఫిల్టరులో సన్న వైపు 15 శాతం రేణువుల పరిమాణం, కాపాడాల్సిన మట్టిలోని 85 శాతం పరిమాణానికి నాలుగైదు రెట్లు మించకూడదు. మించితే మట్టి అందులోంచి జారిపోతుంది.

ఇప్పుడు అమెరికాలోని మిసిసిపీ నదికి వద్దాం. కట్టలను ఒక్కటే మందుగా నమ్మితే ఏమవుతుందో అక్కడ జరిగినంత స్పష్టంగా ఇంకెక్కడా జరగలేదు. 1852లో చార్లెస్ ఎలెట్ అనే ఇంజనీరు, కట్టలు పెరిగేకొద్దీ వరద మట్టం కూడా పెరుగుతోందనీ, జలాశయాలూ నీటిని పక్కకు పంపే దారులూ కావాలనీ నివేదిక ఇచ్చాడు. 1861లో ఆర్మీ ఇంజనీర్లు హంఫ్రీస్, ఆబట్ ఇచ్చిన భారీ నివేదిక ఎలెట్ మాటను తోసిపుచ్చి కట్టల వైపు మొగ్గింది. తరువాత జేమ్స్ ఈడ్స్ అనే ఇంజనీరు 1875, 1879 మధ్య నది ముఖద్వారం దగ్గర జెట్టీలు (ప్రవాహానికి ఇరువైపులా సాగే గోడలు) కట్టి, ప్రవాహాన్ని ఇరుకు చేస్తే నీరే అడుగును కోసుకుపోతుందని చేసి చూపించాడు. ముఖద్వారం దగ్గర అది నిజమే. కానీ 1879లో ఏర్పడిన మిసిసిపీ రివర్ కమిషన్ ఈ రెంటినీ కలిపి, నది మొత్తాన్నీ కట్టల మధ్య బిగిస్తే అది తనను తాను లోతు చేసుకుంటుందన్న విధానానికి వచ్చేసింది. హంఫ్రీస్ ఆ కోత సిద్ధాంతాన్ని నమ్మలేదు, ఈడ్స్ హంఫ్రీస్‌ను నమ్మలేదు. ఇద్దరి వాదాల్లోంచి తమకు అనుకూలమైన ముక్కలు తీసుకుని అతికారు. నీటిని సహజంగా పక్కకు తీసుకెళ్లే పాయలను కూడా మూసేశారు.

1926లో ఆర్మీ ఇంజనీర్ల అధిపతి ఎడ్గర్ జాడ్విన్ తన వార్షిక నివేదికలో, వరదల విధ్వంసాన్ని అడ్డుకునే స్థితికి కట్టలు చేరాయని రాశాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 21న మౌండ్స్ ల్యాండింగ్ దగ్గర గండి పడింది. ఆ వరదలో సుమారు 27,000 చదరపు మైళ్లు మునిగాయి, ఆరు లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు.

అదే నెల 29న న్యూ ఆర్లీన్స్ దిగువన కెర్నార్‌వన్ దగ్గర కట్టను డైనమైట్ పెట్టి పేల్చారు. నగరం మీద ఒత్తిడి తగ్గించాలని నగరంలోని బ్యాంకర్లు, పెద్దలు పట్టుబట్టి ఒప్పించారు. నీరు సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ ప్రాంతాల మీద పడింది. అక్కడివాళ్లలో ఎక్కువమంది బొచ్చు జంతువులను వేటాడి, చేపలు పట్టి బతికేవాళ్లు. దాదాపు పదివేలమంది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇస్తామన్న పరిహారం చాలామందికి అందలేదు. పైగా ఆ పేలుడుకు అవసరమే లేకపోయింది. ఎగువన పడిన గండ్లు నగరం మీద భారాన్ని ఎలాగూ దించేశాయి. ముందే తేల్చుకుని, భూములవాళ్లకు డబ్బు కట్టి, అలుగు కట్టి ఉంటే ఆ కొద్దిరోజుల్లో అలాంటి బేరం జరిగేది కాదు. కరకట్ట అలుగును కేవలం ఇంజనీరింగ్ విషయంగా చూసేవాళ్లతో నా తగువు ఇక్కడే. అలుగు లేని కట్ట వెనక ఎవరు మునగాలన్నది చివరి రాత్రి తేలుతుంది, చివరి రాత్రి నోరు లేనివాళ్లే మునుగుతారు.

1928 వరద నియంత్రణ చట్టంతో అమెరికా దారి మార్చుకుంది. ఆ ప్లాను రాసింది అదే జాడ్విన్. న్యూ ఆర్లీన్స్‌కు సుమారు 50 కిలోమీటర్ల ఎగువన బొనె కారే స్పిల్‌వే 1931కి పూర్తయింది. చూడటానికి చాలా సాదాసీదా కట్టడం: 350 ఖానాలు, ఒక్కో ఖానాకు నిలువుగా పెట్టిన 20 చెక్క దూలాలు, మొత్తం 7,000. పైన పట్టాల మీద నడిచే క్రేను ఒక్కో దూలాన్నీ కొక్కెంతో పట్టి పైకి లాగి పడుకోబెడుతుంది. సెకనుకు రెండున్నర లక్షల ఘనపుటడుగుల నీటిని పాంచట్రెయిన్ సరస్సులోకి పంపగలదు. మోటార్లు, గేర్లు ఇరుక్కుపోతాయన్న భయం లేదు. మూసి ఉన్నప్పుడు కూడా దూలాల సందుల్లోంచి కొంత నీరు కారుతుంది, దాని వల్ల నష్టం లేదు. 1937లో మొదటిసారి తెరిచారు, ఆ తరువాత ఎన్నోసార్లు. 2019లో ఒకే ఏడాది రెండుసార్లు తెరిస్తే, రోజుల తరబడి పోయిన మంచినీటితో తీరంలోని ఆల్చిప్పలు దారుణంగా దెబ్బతిన్నాయి. అలుగు ఉచితంగా రాదు. దాని నష్టం ఎవరిదో ముందే తెలుస్తుంది కాబట్టి, దానికి లెక్క కట్టి ఇవ్వడం కుదురుతుంది.

ఇంకా ఎగువన బర్డ్స్ పాయింట్, న్యూ మాడ్రిడ్ మధ్య ఒక వరద దారిని కూడా ఆ చట్టమే ఏర్పాటు చేసింది. అక్కడి భూములు ముంచే హక్కును ప్రభుత్వం యజమానుల నుంచి కొనుక్కుంది. 2011 మే 2న, ఇల్లినాయి రాష్ట్రంలోని కైరో దగ్గర నీటిమట్టం గేజి 61 అడుగులు దాటాక, కట్టలో ముందే పాతిపెట్టిన గొట్టాల్లోకి ద్రవ పేలుడు పదార్థం పంపి పేల్చారు. దాదాపు 1,30,000 ఎకరాలు మునిగాయి. నీటిమట్టం వెంటనే దిగింది. ఆపమని మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు ఆపలేదు. కాగితం మీద అంతా సక్రమమే. కానీ ఆ దారిలో పిన్‌హుక్ అనే చిన్న నల్లజాతి గ్రామం ఉంది. ఊరు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లు ఎవరి సాయమూ లేకుండా తమంతట తామే ఖాళీ చేసి బయటపడ్డారు. హక్కు కొన్నది భూమి మీద, ఇళ్ల సంగతి ఎవరూ పూర్తిగా పట్టించుకోలేదు. అలుగు దారిలో జనాన్ని ఉండనిచ్చి, తరువాత దాన్ని వాడుతామంటే అది న్యాయం కాదు.

ఒండ్రు ఎక్కువ మోసే నదుల్లో కథ ఇంకా కఠినం. పసుప్పచ్చ నది, అంటే చైనాలోని హ్వాంగ్‌హో, ఒకప్పుడు ఏటా 160 కోట్ల టన్నుల దాకా ఒండ్రు మోసేది. ఆ ఒండ్రును మైదానం మీదికి పోనివ్వకుండా కట్టల మధ్య ఆపితే అది నది అడుగునే పేరుకుంటుంది. అడుగు లేస్తుంది, కట్ట లేపాలి, మళ్లీ అడుగు లేస్తుంది. కైఫెంగ్ దగ్గర నది అడుగే బయటి నేల కంటే మీటర్ల కొద్దీ ఎత్తున ఉంది. రెండు వేల ఏళ్ల క్రితమే జియా రాంగ్ అనే అధికారి మూడు మార్గాలు చెప్పాడు: జనాన్ని తప్పించి నదికి చోటివ్వడం ఉత్తమం, కాలువలు తీసి నీటిని చీల్చడం మధ్యమం, కట్టలు పెంచుతూ పోవడం అధమం. 16వ శతాబ్దిలో పాన్ జిషున్ అనే అధికారి ప్రవాహాన్ని దగ్గరి కట్టల మధ్య ఇరికించి ఒండ్రును కోయించాలన్నాడు. ఆయన్ను కట్టల పక్షపాతిగానే చెప్పుకుంటారు గానీ, దగ్గరి కట్టల వెనక దూరపు కట్టలు వేసిందీ, మిగులు నీటికి రాతి అలుగులు పెట్టిందీ కూడా ఆయనే. తరువాతివాళ్లు ఇరికించడాన్ని గుర్తుంచుకుని అలుగులను మరిచారు. 1855లో నది ఉత్తరానికి గండి కొట్టుకుని దారే మార్చేసింది.

అదే దేశంలో దుజియాంగ్‌యాన్ అనే నీటిపారుదల కట్టడం క్రీస్తుపూర్వం 256 నాటి నుంచి పనిచేస్తోంది. లీ బింగ్ మిన్ నదిని రెండు పాయలుగా చీల్చి, లోపలి పాయ పక్కన తక్కువ ఎత్తు అలుగు పెట్టాడు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి పేర్చిన అలుగు అది. మామూలు రోజుల్లో నీరు పొలాలకు పోతుంది, వరదలో మిగులు నీరూ, దాంతోపాటు గులకరాళ్లూ అలుగు దాటి బయటి పాయలో పడతాయి. అక్కడి నియమం చిన్నది: అడుగు లోతుగా తవ్వు, అలుగు తక్కువగా కట్టు. శీతాకాలంలో పూడిక తీసేటప్పుడు ఎంత లోతు తవ్వాలో తెలియడానికి తరువాతి కాలంలో అడుగున ఇనుప దిమ్మెలు పాతారు. ఇనుము కనపడేదాకా తవ్వాలి. అలుగు ఎత్తు పెంచేస్తే మొదట్లో నీరు ఎక్కువ దొరుకుతుంది, కొన్నేళ్లకు కాలువ పూడిపోతుంది. ఇది తెలిసి తక్కువగా ఉంచడంలోనే ఆ పని గొప్పతనం ఉంది.

నేపాల్ నుంచి బీహార్‌లోకి దిగే కోసీ నది దగ్గర ఇది జరగలేదు. ఆ నదికి 1955లో కట్టలు మొదలయ్యాయి, 1963కి బ్యారేజీ వచ్చింది. రెండు కట్టల మధ్య వందల ఊళ్లు చిక్కుకుపోయాయి. ఒండ్రు మధ్యలో పేరుకుని నది అడుగు బయటి నేల కంటే ఎత్తైంది. బయట పడిన వాన నీరు నదిలోకి దిగే దారి లేక నెలల తరబడి నిలిచిపోయేది, తూములు పెట్టినచోట నది మట్టమే ఎత్తుగా ఉంటే తెరిచే వీలుండదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు కట్ట తెగింది. కట్టలు 9.5 లక్షల క్యూసెక్కులకు డిజైను చేసినవి, తెగిననాటి ప్రవాహం అందులో అయిదో వంతు కూడా లేదు. నీరు పైనుంచి పొర్లనే లేదు, ప్రవాహం కట్టను పక్క నుంచి కోసింది. ఎత్తు ఇంకో రెండు మీటర్లున్నా ఫలితం అదే. నది తన పాత దారిలో పడి 30 లక్షలకు పైగా జనాన్ని ముంచింది. బీహార్‌లో 1954లో 160 కిలోమీటర్ల కట్టలు, 25 లక్షల హెక్టార్ల వరద ముంపు ప్రాంతం ఉండేవి. తరువాత కట్టలు 3,400 కిలోమీటర్లు దాటాయి, ముంపు ప్రాంతం 68.8 లక్షల హెక్టార్లకు చేరింది. ఈ పెరుగుదలంతా కట్టల వల్లేనని అనలేం, లెక్కగట్టే పద్ధతులూ మారి ఉంటాయి. కానీ కట్టలు ముంపును తగ్గించాయని మాత్రం ఈ అంకెలతో ఎవరూ నిరూపించలేరు.

సరిగ్గా చేసినచోట్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది నగరం దగ్గర మోయగలిగేది సుమారు 1,10,000 క్యూసెక్కులు. పెద్ద వరదలు దానికి నాలుగైదు రెట్లు. అందుకని 1916లో 48 గేట్ల శాక్రమెంటో వియర్ (వియర్ అంటే అలుగే), 1924లో ఫ్రీమాంట్ వియర్ కట్టి, మిగులు నీటిని యోలో బైపాస్ అనే 59,000 ఎకరాల వెడల్పాటి దారిలోకి మళ్లించారు. ఫ్రీమాంట్‌కు గేట్లతో పని లేదు, నది ఆ మట్టం దాటగానే తనంతట తానే పొర్లుతుంది. అర్ధరాత్రి ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరూ ఆపలేరు. శీతాకాలంలో అది వరద దారి, వలస పక్షుల మడుగు. వేసవిలో వరి పొలం. శాశ్వత ఇళ్లకు అనుమతి లేదు. నెదర్లాండ్స్‌లో 1995లో రెండున్నర లక్షలమందిని ఖాళీ చేయించాల్సి వచ్చాక, కట్టలు పెంచడంతోనే సరిపెట్టకుండా నదులకు చోటు పెంచే పని మొదలుపెట్టారు. నైమేఖన్ దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కు జరిపి పక్క పాయ తవ్వితే వరద మట్టం 35 సెంటీమీటర్లదాకా దిగింది. ఓవర్‌డీప్సె పోల్డర్‌లో (పోల్డర్ అంటే కట్టలు వేసి కాపాడే పల్లపు నేల) రైతులే ముందుకొచ్చి ఇళ్లనూ పశువుల కొట్టాలనూ మట్టి దిబ్బల మీదికి మార్చుకున్నారు, పొలాన్ని వరదకు వదిలారు.

మరి ఉన్న కట్టకు అలుగు ఎలా పెట్టాలి? కట్ట మీద 30 సెంటీమీటర్ల మందాన నీరు పొర్లినా, ఒకటికి మూడు వాలు మీద దాని వేగం సెకనుకు మూడు మీటర్లు దాటుతుంది. గడ్డి లేని మట్టి ఒక మీటరు వేగానికే కొట్టుకుపోవడం మొదలవుతుంది. కోత ఊరి వైపు అడుగున మొదలై మెట్టు మెట్టుగా పైకి పాకి, దారిని తినేసిన క్షణంలో గండి పడుతుంది. కాబట్టి ఎంచుకున్న 500 మీటర్ల ముక్కను మిగతా కట్ట కంటే అరమీటరు తగ్గించి, పై దారిని కాంక్రీటు చేసి, ఊరి వైపు వాలును ఒకటికి ఎనిమిదికి పరచి, ఫిల్టరు మీద రాయి పరిచి, అడుగున రాతి చాప వేయాలి. అరమీటరు లోతున పొర్లితే ఈ ముక్క ఒక్కటే సుమారు 10,000 క్యూసెక్కులు పంపుతుంది. రెండు కొసలనూ మరింత గట్టిచేయాలి, గండ్లు తరచూ గట్టి ముక్కా మెత్తటి ముక్కా కలిసేచోటే మొదలవుతాయి. నది మలుపులో బయటి ఒడ్డును ఎంచుకోకూడదు. రక్షించే ప్రాంతంలో దిగువ కొసన పెట్టడం మేలు. నీరు కింది నుంచి నెమ్మదిగా నిండుతుంది, జనానికి సమయం దొరుకుతుంది, మిగతా కట్ట పొర్లే పరిస్థితి వచ్చేసరికి లోపల నీరు నిలిచి ఉండి పడే ఎత్తు తగ్గుతుంది, కోతా తగ్గుతుంది. అదే కొసన నీరు తిరిగి దిగడానికి తలుపుల తూము ఉండాలి. నీటి దారికి అడ్డంగా పోయే రోడ్లకు చాలినన్ని కల్వర్టులు కావాలి. లేకుంటే ఆ రోడ్డే రెండో కరకట్ట అవుతుంది.

"ఇరవై ఏళ్లకోసారి వాడేదానికి ఇంత భూమి కట్టేయాలా?" అని అడుగుతారు. కట్టేయక్కర్లేదు, సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు అంతే. "నూరేళ్ల వరదకు కట్ట వేస్తే చాలదా?" అంటే, ఏ ఏడైనా నూటికి ఒకటి అవకాశం ఉన్న వరద 30 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. ఆ 30 ఏళ్లూ కట్ట ఉందన్న ధైర్యంతో వెనక ఇళ్లు, ఆసుపత్రులు, సబ్‌స్టేషన్లు కడుతూనే ఉంటారు. భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే చూపించిన సంగతి ఇది: రక్షణ పెరిగేకొద్దీ ముంపులోకి పోయే ఆస్తి పెరుగుతుంది. ఎక్కడ మునుగుతుందో ముందే తెలిస్తే ఆ సబ్‌స్టేషన్‌ను అక్కడ పెట్టరు.

ఏదైనా కరకట్ట పెంచే ప్రతిపాదన ప్రజల ముందుకు వచ్చినప్పుడు ఎత్తు ఎంత అని అడగడంతో ఆగకండి. డిజైను ప్రవాహం ఎంత, అది దాటితే ఏ కిలోమీటరు రాయి దగ్గర పొర్లుతుంది, ఆ నీటి దారిలో ఉన్న సర్వే నంబర్లేవి, ఆ యజమానులకు, కౌలుదార్లకు, అక్కడి ఇళ్లవాళ్లకు ఎంత, ఎప్పుడు ఇచ్చారు అని అడగండి. ఆ పేజీలు లేని ప్లాను మీద సంతకం పెట్టకూడదు.